గడప హక్కు కోసం ముప్పై పేజీలు

1వ రోజు

ఈ పుస్తకం గడప సంఘం వాళ్ళిచ్చేరు. ముప్పై పేజీలు. రోజుకో పేజీ నేనే రాయాలట. ఎవరూ పక్కన కూర్చుని చెప్పకూడదు, జరిగింది దాచకూడదు. రాసింది మా అమ్మ చదివి పేజీ కింద సంతకం పెట్టాలి. ఒక్క సంతకం తప్పినా పుస్తకం చెల్లదు. పుస్తకం చెల్లకపోతే నా పని అయిపోయినట్టే. వచ్చే నెలకి నాకు ఇరవయ్యారు నిండుతాయి. ఆ తర్వాత గడప హక్కు, అంటే నా చేత్తో తలుపు తీసుకునే హక్కు, మళ్ళీ అడిగే వీల్లేదు.

నా పేరు వరహాలు. మా అమ్మ పేరు పైడితల్లి, నీళ్ళ ఫిల్టర్ల షెడ్డులో పని. ఇంట్లో మేమిద్దరమే. నాన్న నేను పుట్టకముందే గట్టు అవతల పనికి పోయేడు, తిరిగి రాలేదు. అమ్మ పొద్దున్న వెళ్ళి సాయంత్రం వస్తుంది. ఆ మధ్యంతా నేను లోపలే. పదకొండేళ్ళుగా నా చెయ్యి పెడితే ఈ తలుపు తెరుచుకోదు. అమ్మ చెయ్యి పెడితే తెరుచుకుంటుంది. మరి ఇంట్లో నిప్పంటుకుంటే ఏటి గతి అని అప్పట్లో అడిగితే, సంఘం వాళ్ళొచ్చి తీస్తారులే అన్నారు. వాళ్ళ ఆఫీసు మూడు వీధుల అవతల. చక్కగా కాలిపోయేక తీస్తారన్నమాట.

ఇదంతా రాయొచ్చో లేదో తెలీదు. అమ్మ చదివి, "నీ నోరు నీకు శత్రువే," అని సంతకం పెట్టింది.

2వ రోజు

తలుపు సాధన మొదలు. అమ్మ షెడ్డుకి వెళ్ళేముందు తన చేత్తో తాళం విప్పి నాచేత మూడుసార్లు చేయించింది. పని ఐదు మెట్లు. బయట తలుపు తియ్యాలి, నడవలోకి రావాలి, బయట తలుపు ముయ్యాలి, చెడ్డగాలి లాగేసే పంకా ఆగేదాకా ఆగాలి, అప్పుడు లోపలి తలుపు తియ్యాలి. రెండు తలుపులూ ఒకేసారి తెరిచి ఉండకూడదు. ఉంటే బయటగాలి ఇంట్లోకొస్తుంది. పెద్దవాళ్ళకి తలనొప్పి, దగ్గు. ఎక్కువసేపైతే ఆసుపత్రి.

మొదటిసారి బాగా చేసేను. రెండోసారీ చేసేను. మూడోసారి అమ్మ "ముక్కుతొడుగు సర్దుకో" అంది. సర్దుకున్నాను. ఆ తర్వాత ఏ మెట్టు మీదున్నానో పోయింది. మర్చిపోవడం అంటే మీరనుకునే మర్చిపోవడం కాదు. మీకు గుర్తొస్తుంది కదా, "అరే, అది చెయ్యలేదు" అని. నాకు ఆ మెట్టు అసలు ఉన్నట్టే ఉండదు. లోపలి తలుపు తియ్యబోయేను. అమ్మ చెయ్యి పట్టుకుంది.

మాటలు మాత్రం బాగా వస్తాయి నాకు. అదే నా ఖర్మ. మాటలు రానిదాన్నైతే పాపం అనేవారు. ఇన్ని మాటలొచ్చి పని రాకపోతే ఒళ్ళు బద్ధకం అంటారు. "మాటలు కోటలు దాటుతాయి, కాలు గడప దాటదు" అని మా వీధిలో నా మొహం మీదే అన్నారు. నా విషయంలో అది అక్షరాలా నిజం కాబట్టి కోపం కూడా తెచ్చుకోలేకపోయేను.

6వ రోజు

ముక్కుతొడుగులు నలభై కుట్టేను. ఒకే కుట్టు, ఒకే గుడ్డ, నా చేతికి తిరుగులేదు. సంఘం వాళ్ళకి ఇది కూడా తెలియాలని రాస్తున్నాను.

బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టేను. నీళ్ళు పొయ్యలేదు. గిన్నె మాడింది. అమ్మ వచ్చి తోముతూ ఏమీ అనలేదు. అనకపోతేనే నాకు ఒళ్ళు మండుతుంది. తిట్టవే తల్లీ, తిట్టి పారెయ్, అన్నాను. "తిడితే గిన్నె తెల్లబడుతుందా?" అంది.

నన్ను ఎందుకు లోపల పెట్టేరో రాయమని పుస్తకం మొదటి పేజీలోనే అచ్చేసి ఉంది. ఇన్నాళ్ళూ దాటేసేను. ఇవాళ రాసేస్తాను. నాకప్పుడు పద్నాలుగు. ఆరో తరగతి దాకా బాగానే చదివేను. ఆ తర్వాత పాఠాలు పెద్దవయ్యేయి, పనులు పెరిగేయి, నేను కింద పడుతూ వచ్చేను. ఒకరోజు బయట్నుంచి బిందెతో వచ్చి బయట తలుపు వెయ్యకుండా లోపలి తలుపు తీసేసి, బిందె దింపి, ముక్కుతొడుగు కూడా తియ్యకుండా కుట్టుపని పట్టుకున్నాను. అమ్మ నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకుని ఉంది. మూడు గంటలు. అమ్మ నెలరోజులు దగ్గింది, రక్తం పడింది. కాగితం మీద "అజాగ్రత్త" అని రాసి నా హక్కు తీసేసేరు. ఆసుపత్రి నుంచి వచ్చి అమ్మ నన్ను కొట్టింది. ఒక్కటే దెబ్బ. అంతకుముందు ఎప్పుడూ కొట్టలేదు, ఆ తర్వాతా కొట్టలేదు.

ఇది చదివి సంతకం పెట్టడానికి అమ్మ చాలాసేపు తీసుకుంది.

9వ రోజు

డాక్టరమ్మ వచ్చింది. పేరు రమణకుమారి. కొత్తగా వచ్చిన మనిషి, నవ్వు మొహం. నా తలకి వైర్ల టోపీ పెట్టి గంటసేపు బొమ్మలు తీసింది. ఈ టోపీ మా పేటకి పోయినేడే వచ్చిందట. తర్వాత తెరమీద నా బుర్ర చూపించింది. నా బుర్ర నేను చూడడం అదే మొదలు. పెసరపప్పంత మచ్చలు, ముందువైపు, అక్కడక్కడా.

"ఇవి పాతవి," అంది. "చాలా పాతవి. ఏడాది నిండకముందువి. పసిబిడ్డకి గాలి అందకపోతే ఇలా అవుతుంది."

"మరి ఆరో తరగతి దాకా బాగానే ఉన్నాను కదండీ?"

"పసిపిల్లకి ఆ చోటుతో పనేముంది? పాలు తాగడానికి, పాకడానికి అది అక్కర్లేదు. పనులు వరసలో పెట్టుకోవడం, మధ్యలో ఎవరైనా పిలిచినా మళ్ళీ అందుకోవడం, టైం తెలియడం, ఇవి పెద్దయ్యాక పడే పనులు. పని పడ్డాకే లోటు బయటపడుతుంది. నువ్వు బద్ధకస్తురాలివి కాదమ్మా."

ఆ ఒక్క మాటకి నాకు ఏడుపొచ్చింది. ముక్కు చీదుకుంటూ ఏడ్చేను. పదకొండేళ్ళు ఈ మాట ఒక్కరూ అనలేదు.

డాక్టరమ్మ అమ్మని అడిగింది, "పసితనంలో ఎప్పుడైనా గాలి అందక నీలంగా మారిందా?" అని. గాయం అని రుజువైతే కాగితం మీద "అజాగ్రత్త" కొట్టేసి "గాయం" అని రాస్తారట. గాయం ఉన్నవాళ్ళకి ఆగే తలుపు పెడతారు. ఒకటి మూసుకుంటే గానీ రెండోది తెరుచుకోదు. దానికి కరెంటు బాగా లాగుతుందని అందరికీ పెట్టరు.

"లేదండీ," అంది అమ్మ. ప్రశ్న పూర్తి కాకుండానే అంది.

10వ రోజు

డాక్టరమ్మ చెప్పిందేదీ రుజువు కాదట. గాలి ఎప్పుడు, ఎలా అందలేదో చెప్పాలి. సంఘం నుంచి గౌరునాయుడు గారు ఫోన్లో చెప్పేరు. ఆయనే నా ఫైలు చూసే ఆఫీసరు.

అమ్మ ఇవాళ పొద్దున్న సాధన చేయించలేదు. "ఆ డాక్టరమ్మ మాటలన్నీ పుస్తకంలో ఎందుకు రాసేవు?" అని మాత్రం అడిగింది. జరిగింది రాయమన్నారు కదా అన్నాను. సంతకం పెట్టింది.

13వ రోజు

నాకొక ఆలోచన వచ్చింది. మా లోపలి తలుపు పక్కన చిన్న తెర ఉంటుంది. ఏ తలుపు ఎప్పుడు తెరిచేరో, ఎప్పుడు మూసేరో తలుపే గుర్తుపెట్టుకుంటుంది. ఎవరూ చూడరు దాన్ని. తేదీ నొక్కితే చూపిస్తుంది. నాలా కాదు, ఏదీ మర్చిపోదు.

నేను పుట్టింది ఆగస్టులో. అక్కణ్ణుంచి మొదలెట్టి రోజూ చూస్తూ పోతాను. రెండు తలుపులూ ఒకేసారి తెరిచి ఉన్న రోజు దొరకాలి. దొరికితే అదే రుజువు. అమ్మకి తెలియకుండా ఎప్పుడో జరిగి ఉంటుంది, తలుపే పాడై ఉంటుంది అనుకున్నాను. నిజంగానే అలా అనుకున్నాను.

ఆగస్టు పన్నెండు దాకా చూసేను. అప్పుడు ఫ్యాను ఏదో చప్పుడు చేసింది, అటు చూసేను, ఎక్కడున్నానో పోయింది. మళ్ళీ ఒకటి నుంచి.

17వ రోజు

ఉపాయం కనిపెట్టేను. ఒక తేదీ చూడగానే గోడమీద కుంకుమ చుక్క. పది చుక్కలకి ఒక గీత. ఇప్పుడు ఎవరు పిలిచినా పర్లేదు. అక్టోబరు అయిపోయింది. ఏమీ లేదు. మూడు గంటలకి తల బరువెక్కిపోతుంది, ఇంక అంకెలు కనిపిస్తాయి గానీ బుర్రకెక్కవు. పడుకుంటాను.

అమ్మ గోడ చూసింది. పేజీ చదివింది. సంతకం పెట్టింది. అన్నం తినకుండానే పడుకుంది.

20వ రోజు

ఇవాళ తలుపు పరీక్ష. గౌరునాయుడు గారు వచ్చేరు. యాభై దాటిన మనిషి, మెత్తగా మాట్లాడతారు. తాళం ఆయనే విప్పి నడవలో నిలబడ్డారు. నేను బయట తలుపు తీసి, నడవలోకొచ్చి, మూయబోతున్నాను.

"ఏమ్మా వరహాలూ, మీ అమ్మ ఇవాళ ఏ షిఫ్టు?" అన్నారు.

అది పరీక్షలో భాగమేనట. మధ్యలో ఒక మాట అడగాలి. "పగలేనండీ" అని చెప్పి తిన్నగా లోపలి తలుపు మీద చెయ్యేసేను. ఆయనే బయట తలుపు మూసేరు.

తప్పేను. ఇంక "గాయం" తప్ప వేరే దారి లేదు. గోడ మీద చుక్కలు డిసెంబరు మధ్యకొచ్చేయి. వెళ్ళేటప్పుడు ఆయన నా తలమీద చెయ్యి పెట్టబోయి మానేసేరు. నాకు ఇరవయ్యారొస్తున్నాయి అని గుర్తొచ్చినట్టుంది.

అమ్మ తర్వాత నన్నెవరు చూస్తారు? మా పేట చివర శరణాలయం ఉంది. పొడుగాటి హాలు, యాభై మంచాలు. లోపల ఒక్క తలుపు లేదు, స్నానాల గదికి కూడా. తలుపే లేకపోతే తప్పు చెయ్యరు కదా అని. చిన్నప్పుడు బడివాళ్ళు తీసుకెళ్ళి చూపించేరు. ఒకావిడ మంచం మీద కూర్చుని గాల్లో తలుపు తీస్తోంది, వేస్తోంది. నేను అక్కడికి పోను. పోనంటే పోను.

22వ రోజు

పొద్దున్న తెర ముందు కూర్చున్నాను. అమ్మ షెడ్డుకి వెళ్ళలేదు. వెనకాల నిలబడింది. డిసెంబరు ఇరవై రెండు, చుక్క. ఇరవై మూడు, చుక్క.

"ఒలే," అంది. "అక్కడ వెతకడం దండగ. జనవరి ఇరవై చూడు."

నేను వెనక్కి తిరగలేదు. జనవరి ఇరవై నొక్కేను. బయట తలుపు తెరిచింది ఏడు దాటి నాలుగు నిమిషాలకి. లోపలి తలుపు ఏడు దాటి ఐదుకి. రెండూ మూసింది ఏడూ ఇరవై నాలుగుకి. పంతొమ్మిది నిమిషాలు.

అమ్మ కింద కూర్చుని చెప్పింది. అప్పుడు నీళ్ళు రోజుకి ఇరవై నిమిషాలే వచ్చేవి, వీధి కుళాయికి. ఎనిమిది బిందెలు పట్టాలి. ప్రతి బిందెకీ ఐదు మెట్లు చేస్తే మూడు బిందెలకే నీళ్ళాగిపోతాయి. అందుకని వీధి వీధంతా ఒకటే పని చేసేవారు. నిండిన బిందె బయట తలుపుకి అడ్డం, ఇంకోటి లోపలి తలుపుకి అడ్డం. గబగబా మోసేసి, ఆఖర్న రెండూ తీసేసి పంకా వేసుకునేవారు. పెద్దవాళ్ళకి కాస్త తల తిరిగేది, అంతే. నేను పుట్టేక అమ్మ అది మానేసి మూడు బిందెలతోనే సరిపెట్టేదట, ఆ రోజు ఒక్కటే మళ్ళీ చేసింది. "అందరూ అలగే చేసేవారే. ఎవరికీ ఏటీ అవలేదు. ప్రతి బిందెకీ నిన్ను చూస్తూనే ఉన్నాను. ఆఖరు బిందె దింపేసరికి నీలంగా ఉన్నావు." ఆసుపత్రిలో జ్వరం, ఫిట్స్ అని చెప్పింది.

"మరి నేను పద్నాలుగేళ్ళప్పుడు చేసిందీ అదే కదా," అన్నాను.

"అదే."

"అయితే కొట్టేవెందుకు?"

నేను ఆ దెబ్బ ఇవాళ తిన్నట్టుంది.

23వ రోజు

నిన్నటి పేజీకి సంతకం లేదు.

ఎందుకు లేదో రాస్తాను. రెండు తలుపులు తెరిచి పసిబిడ్డకి హాని చేసినవాళ్ళ గడప హక్కు బతికున్నంతకాలం పోతుంది. ఎన్నేళ్ళైనా ఆ రూలుకి మాఫీ లేదు. ఆ పేజీ వెళ్తే నేను బయటికి, అమ్మ లోపలికి. వెళ్ళకపోతే అమ్మ బయట, నేను లోపల. ఈ ఇంట్లో ఒక్కళ్ళకే తలుపుందన్నమాట.

నాకు చచ్చేంత కోపంగా ఉంది. పదకొండేళ్ళు నన్ను బద్ధకస్తురాలన్నారు. అమ్మ పక్కనే కూర్చుని వింది. పోనీ నాకైనా చెప్పొచ్చు కదా? నేనే నన్ను ఎన్ని తిట్లు తిట్టుకున్నానో అమ్మకి తెలుసు. విన్నది.

ఇవాళ ఇద్దరం మాట్లాడుకోలేదు. ఇరవై అడుగుల ఇంట్లో మాట్లాడుకోకుండా తిరగడం ఎంత కష్టమో. పొయ్యి దగ్గర రెండుసార్లు గుద్దుకున్నాం.

25వ రోజు

"నువ్వేం సంతకం పెట్టక్కర్లేదు," అన్నాను పొద్దున్నే. "నాకు లోపల అలవాటే. నీకు కొత్త. ఉబ్బరించి చస్తావు."

కోపంతోనే అన్నాను. కానీ సగం నిజంగా కూడా అన్నాను. అమ్మకి షెడ్డులో స్నేహితులున్నారు. సాయంత్రం గట్టు మీద వాళ్ళతో నిలబడి గంటసేపు మాట్లాడి గానీ ఇంటికి రాదు. నాకు తెలిసిన బయట అంతా ఆవిడ తెచ్చిన కబుర్లే.

"నువ్వు అలవాటు పడ్డావని నీకెవరు చెప్పేరు?" అంది అమ్మ. "రోజూ నేను తలుపేసుకుని వెళ్తుంటే నీ మొహం నీకు కనపడదు. నాకు కనపడతాది."

పుస్తకం లాక్కుంది. ఇరవై రెండు, ఇరవై మూడు, ఇరవై నాలుగు, మూడు పేజీలకీ సంతకాలు పెట్టింది. కలం గట్టిగా నొక్కి పెట్టింది, వెనక పేజీలోకి దిగింది. తర్వాత నా పక్కన కూర్చుని ఏడ్చింది. నేను ఓదార్చలేదు. ముక్కుతొడుగు ఒకటి కొత్తది ఇచ్చేను, తుడుచుకోమని.

30వ రోజు

సంఘం ఆఫీసు. అమ్మ చెయ్యి పట్టుకుని వెళ్ళేను. ఎండకి కళ్ళు మూసుకుపోయేయి.

గౌరునాయుడు గారు పుస్తకమంతా అక్కడే కూర్చుని చదివేరు. తలుపు తెర నుంచి తీసిన కాగితం చూసేరు. డాక్టరమ్మ కాగితం చూసేరు. అమ్మని అడిగేరు, "ఇది నువ్వు చదివే సంతకం పెట్టేవా పైడితల్లీ?" చదివేనండీ అంది.

"మా అమ్మా బిందెలు అడ్డం పెట్టేది," అన్నారాయన. "ఆ రోజుల్లో పెట్టని ఇల్లేది? మా ఇంట్లో పసిపిల్లలు లేరు, అంతే."

అన్నారు గానీ రూలు ప్రకారమే రాసేరు. అమ్మ చెయ్యి ఒక పలక మీద పెట్టించి, పేరు తీసేసేరు. నా చెయ్యి పెట్టించి, పేరు ఎక్కించేరు. "గాయం" అని రాసేరు. "సంరక్షకురాలు" అన్నచోట అమ్మ పేరు కొట్టేసి, ఎవరి పేరు రాయాలని అడిగేరు. అమ్మకి సంరక్షకురాలు కావాలి కదా. నేనేనన్నాను. ఆయన కలం ఒక్క క్షణం ఆగింది. అయినా రాసేరు.

వెళ్ళేటప్పుడు పుస్తకం తిరిగిచ్చేరు. ఈ పేజీకి సంతకం ఎవరు పెట్టాలో ఆయనకీ తెలియలేదు, నాకూ తెలియలేదు.

అట్ట లోపలివైపు

పేజీలు అయిపోయేయి. అయినా రాయాలి.

ఆగే తలుపు పెట్టి ఐదు రోజులైంది. మంచి తలుపు. నేను తప్పు చెయ్యబోతే కదలకుండా నిలబడుతుంది, కసరదు, నిట్టూర్చదు. రోజూ పొద్దున్న అమ్మని షెడ్డులో దింపి వస్తున్నాను, సాయంత్రం వెళ్ళి తెస్తున్నాను. వేళ తప్పకుండా షెడ్డువాళ్ళే ఫోన్ చేసి గుర్తు చేస్తున్నారు.

ఇవాళ అమ్మకి సెలవు. ఒక్కదాన్నే ఊరికే అలా వెళ్ళొస్తానన్నాను. వెళ్ళు, అంది. తలుపు వేసేను. గట్టు మీదికి నడిచేను. ఏమీ చెయ్యలేదు. నిలబడ్డాను, కూర్చున్నాను, ఉప్పుమడులు చూసేను. ఎవరో ఇద్దరు దెబ్బలాడుకుంటుంటే విన్నాను. ఎంత బాగుందో రాయడానికి నా దగ్గర కూడా మాటలు లేవు.

వెనక్కి వస్తుంటే ఎదురింటావిడ, "ఎనిమిదింటికి వెళ్ళినదానివి, రెండయింది, ఎక్కడికి పోయేవే?" అంది.

ఆరు గంటలు. నాకు అరగంట అనిపించింది. ఇంట్లో అమ్మ ఉందని, నేను తియ్యకపోతే తలుపు తెరుచుకోదని, నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. పరిగెత్తేను.

తలుపు తీసేసరికి అమ్మ లోపలి గడప దగ్గర నేలమీద కూర్చుని ఉంది. చీర చెమటకి తడిసి ఉంది. పొయ్యి వెలిగించలేదు.

"వచ్చేవా? ఇప్పుడే కదా వెళ్ళేవు," అంది.

"అబద్ధాలాడకే," అన్నాను. "ఆరు గంటలు. ఇంక ఈ ఇంట్లో ఒక్క అబద్ధం వద్దు. నిన్ను మర్చిపోయేనమ్మా. నువ్వున్నావనే గుర్తులేదు నాకు."

నన్ను తిడుతుందనుకున్నాను. లేదా నా బుర్ర గాయం గురించి చెప్పి, నీ తప్పేంలేదులే అంటుందనుకున్నాను. అమ్మ నా మొహంలోకి చూసింది.

"నేనూ అంతే," అంది. "ప్రతి బిందెకీ చూసేనని చెప్పేను. చూడలేదు. ఒక్కసారి కూడా చూడలేదు. నీళ్ళాగిపోతాయని తప్ప బుర్రలో ఇంకేటీ లేదు. నువ్వున్నావనే మర్చిపోయేను. నాకు ఏ గాయమూ లేదే."

ఇద్దరం గడప మీదే కూర్చున్నాం. చాలాసేపే అయి ఉంటుంది, నాకు తెలీదు. ఇది రాయమంటావా అని అడిగేను. రాయమంది. తర్వాత లేచి బియ్యం కడిగింది, నీళ్ళు నన్ను పొయ్యమంది.